టెన్షనర్ మళ్ళీ మళ్ళీ పోతోందా?



సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనకు దూరాలు కొత్త కాదు. హోసూరు నుంచి వెల్లూరు ఆసుపత్రికి వెళ్ళాలన్నా, జయపురం నుంచి సాలూరు ఘాటు దిగి విజయనగరంలో చుట్టాల ఇంటికి చేరాలన్నా, తెల్లవారుజామునే బయల్దేరాలి. ఆ వేళకు చాలా ఇళ్ళముందు సిద్ధంగా నిలబడేది ఓ పాత డీజిలు కారు. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు వచ్చాక చిన్న డీజిలు కార్ల తయారీ చాలావరకు ఆగిపోయింది. అందుచేత ఉన్న బండినే జాగ్రత్తగా చూసుకుంటున్న ఇళ్ళు మన ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటి బండికి వచ్చే ఒక మొండి జబ్బు గురించి ఈవేళ మీతో మాట్లాడదలచుకున్నాను.

జబ్బు ఏమిటంటే, బెల్టు టెన్షనర్ పోవడం. ఒకసారి పోతే ఎవరూ పట్టించుకోరు. కొత్తది వేయిస్తారు. నాలుగు నెలలకు మళ్ళీ కిర్రుమంటుంది. మళ్ళీ కొత్తది వేయిస్తారు. ఈసారి మూడు నెలలే వస్తుంది. మేస్త్రీ సామాను మంచిది కాదంటాడు. సామాన్ల కొట్టువాడు బిగించడం సరిగా లేదంటాడు. మధ్యలో డబ్బు పోయేది మీది. డబ్బు సంగతి అటుంచండి, అసలు ప్రమాదం వేరే ఉంది. అది చెప్పేముందు ఈ టెన్షనర్ ఏమిటో ఒకసారి చూద్దాం.

బానెట్ ఎత్తి ఇంజను పక్కగా చూడండి. నిలువు గీతలున్న వెడల్పాటి నల్లని బెల్టు ఒకటి నాలుగైదు పుల్లీల మీదుగా పాములా మెలికలు తిరిగి కనిపిస్తుంది. దాన్ని ఇప్పటికీ మనవాళ్ళు ఫ్యాన్ బెల్టు అనే అంటారు. నిజానికి ఇప్పటి కార్లలో చాలావాటిలో అది ఫ్యానును తిప్పదు. డైనమోను, ఏ.సి. కంప్రెసరును, కొన్ని బళ్ళలో స్టీరింగు పంపును, నీళ్ళ పంపును తిప్పుతుంది. ఆల్టర్నేటర్‌ను మన షెడ్లలో డైనమో అంటారు కాబట్టి నేనూ అలాగే అంటాను. ఈ బెల్టు సడలకుండా, మరీ బిగిసిపోకుండా ఒక స్ప్రింగు చెయ్యి, దాని చివర ఒక చిన్న చక్రం ఎప్పుడూ నొక్కి పట్టుకుని ఉంటాయి. అదే టెన్షనర్.

ఇంజను లోపల టైమింగ్ బెల్టు అని మరొకటి ఉంటుంది. కొన్ని బళ్ళలో దానికి బదులు గొలుసు ఉంటుంది. దాని టెన్షనర్ వేరు. అది తెగితే కవాటాలు, పిస్టన్లు ఢీకొని ఇంజనే పాడవుతుంది. దానితో ఇంటి దగ్గర ప్రయోగాలు చేయవద్దు. నేను చెప్పేది బయటికి కనబడే బెల్టు సంగతి మాత్రమే.

ఇప్పుడు ప్రమాదం మాట. బయటి బెల్టు తెగినా, జారినా మొదట డైనమో ఆగుతుంది. డాష్‌బోర్డు మీద ఎర్ర బ్యాటరీ దీపం వెలుగుతుంది. మన దేశపు పాత డీజిలు బళ్ళు చాలావాటిలో బ్రేకుకు బలాన్నిచ్చే వ్యాక్యూం పంపును డైనమో వెనకాలే బిగించి ఉంచారు. అంటే డైనమోతోపాటు అదీ ఆగుతుంది. అప్పుడు బ్రేకు పెడలు రెండు మూడు నొక్కులవరకు మామూలుగా పనిచేసి, ఆ తర్వాత రాయిలా గట్టిపడుతుంది. పంపుతో నడిచే పవర్ స్టీరింగయితే అది కూడా బరువెక్కుతుంది. సాలూరు ఘాటు మలుపుల్లో, ముందు లోడు లారీ ఉండగా ఇదంతా ఒక్కసారి జరిగితే ఎలా ఉంటుందో ఊహించండి. ఇల్లు చేరాక చూసుకోవచ్చులే అని దాటవేసే జబ్బు కాదిది.

మరి టెన్షనర్ మాటిమాటికీ ఎందుకు పోతుంది?

మన పల్లెల్లో అత్త మీది కోపం దుత్త మీద చూపడం అంటారు. ఇక్కడా అంతే. ఎక్కడో పుట్టిన కుదుపు చివరికి వచ్చి టెన్షనర్ మీద పడుతుంది. అది దెబ్బలు తింటుంది, విరుగుతుంది. మనం విరిగినదాన్ని మారుస్తాం. కొట్టేవాడు మాత్రం అక్కడే ఉంటాడు.

ఆ కుదుపు ఎక్కడిదో తెలియాలంటే బావి గిలకను తలచుకోండి. చేదను నిదానంగా, ఒకే ఊపున లాగితే తాడు బిగువుగా, శబ్దం లేకుండా వస్తుంది. అదే గుంజి, ఆపి, మళ్ళీ గుంజితే తాడు మధ్యమధ్య వదులై గిలక మీద టపటపా కొట్టుకుంటుంది. డీజిలు ఇంజను గుంజి గుంజి లాగే మనిషిలాంటిది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్ల చొప్పున నిలకడగా తిరుగుతోందనుకోండి. చుట్టుకు రెండు పేలుళ్ళ చొప్పున సెకనుకు సుమారు 27 పేలుళ్ళు. ప్రతి పేలుడికీ క్రాంకు ముందుకు ఉరుకుతుంది, మరుక్షణం తగ్గుతుంది. పెట్రోలు ఇంజనులోనూ ఈ ఊపు ఉంటుంది గాని, డీజిలులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది.

ఇక డైనమో సంగతి చూడండి. దాని పుల్లీ చిన్నది. క్రాంకు ఒకసారి తిరిగితే అది రెండున్నర, మూడు సార్లు తిరుగుతుంది. లోపల బరువైన రాగి చుట్టలున్నాయి. ఒకసారి వేగం అందుకున్నాక అంత తేలికగా తగ్గదు. క్రాంకు తగ్గమంటుంది, డైనమో తగ్గనంటుంది. ఈ పెనుగులాట సెకనుకు పాతికసార్లకు పైగా జరుగుతుంటే మధ్యలో బెల్టు బిగుస్తూ, వదులవుతూ ఉంటుంది. ఆ వదులును సర్దలేక టెన్షనర్ చెయ్యి ఊగిపోతుంది.

ఈ గొడవ తగ్గించడానికి ఇంజను తయారుచేసినవాళ్ళు రెండు ఉపాయాలు చేశారు. ఒకటి, క్రాంకు పుల్లీని రెండు ఇనుప వలయాలుగా చేసి మధ్యలో రబ్బరు పెట్టారు. ఆ రబ్బరు కుదుపును మింగుతుంది. రెండోది, చాలా డీజిలు కార్లలో డైనమో పుల్లీని సైకిలు వెనక చక్రంలా ఒకవైపు స్వేచ్ఛగా తిరిగేట్టు చేశారు. మీరు తొక్కడం ఆపినా సైకిలు చక్రం తిరుగుతుంది కదా, అలాగే క్రాంకు తగ్గినప్పుడు డైనమో తన దారిన తాను తిరుగుతుంది, బెల్టును లాగదు. దీన్ని ఫ్రీవీల్ పుల్లీ అంటారు. ఈ రెండింటిలో ఏది చెడినా ఆ భారమంతా టెన్షనర్ మోయాలి. మాటిమాటికీ టెన్షనర్ పోతున్న పాత డీజిలు బండిలో మొదట అనుమానించవలసింది ఈ రెంటినే.

ఇక వెతకడం ఎలాగో వరసగా చెబుతాను. ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి తర్వాత.

మొదటి పని, పాత సామాను పారేయనివ్వకండి. "అన్నా, ఆ పాత టెన్షనర్ నాకియ్యి" అని అడిగి తీసుకోండి. దాన్ని చూస్తే సగం కథ తెలుస్తుంది. చక్రం బేరింగు ఎండిపోయి గరగరలాడుతుంటే లోపలికి దుమ్మో, నీళ్ళో వెళ్ళాయనుకోవచ్చు. బళ్ళారి, సండూరు వైపు ఇనుప ఖనిజం ఎర్రదుమ్ము, సముద్రం దగ్గరైతే ఉప్పుగాలి, ఎక్కడైనా సరే బండి కడిగేచోట జోరు నీళ్ళు సూటిగా బేరింగు మీద కొట్టడం, ఇవన్నీ దాని ఆయువు తీసేవే. చెయ్యి ఆగేచోట ఇనుము అరిగి మెరుస్తుంటే, చెయ్యి ఆ చివరినుంచి ఈ చివరికి కొట్టుకుందని అర్థం. అది కుదుపు జబ్బు. చక్రం ఒకపక్కే అరిగిందా, బెల్టు అంచు పీచులు లేచిందా, అయితే పుల్లీలు ఒక వరసలో లేవు. బోల్టే విరిగిందా, అప్పుడు బిగింపునో, ఇంజనులో ఉన్న మరనో అనుమానించాలి.

రెండో పని, తేదీలు రాసుకోవడం. మొదటి టెన్షనర్ పోవడానికి కొద్ది నెలల ముందు ఆ బండికి ఏం రిపేరు చేశారు? డైనమో విప్పారా? పాతది తీసి వేరే డైనమో బిగించారా? ఇక్కడే చాలాసార్లు దొంగ దొరుకుతాడు. ఫ్రీవీల్ పుల్లీ ఖరీదెక్కువ. అది పట్టేసినప్పుడు కొన్ని షెడ్లలో దాని స్థానంలో మామూలు గట్టి పుల్లీ బిగించి పంపేస్తారు. బ్యాటరీ చక్కగా చార్జవుతుంది, దీపం ఆరిపోతుంది, మీరు సంతోషిస్తారు. ఆరోజునుంచే టెన్షనర్‌కు చెడ్డకాలం మొదలవుతుంది. అన్ని బళ్ళకూ ఫ్రీవీల్ ఉండదు, కొన్నిటికి మొదటినుంచీ గట్టి పుల్లీయే ఉంటుంది. మీ బండికి ఫ్యాక్టరీలో ఏది వేశారో సామాన్ల కొట్టులో ఇంజను నంబరు చెప్పి కనుక్కోండి.

మూడో పని, చూడటం. ఇంజను నిలకడగా తిరుగుతుండగా టెన్షనర్ చెయ్యిని దూరంనుంచి గమనించండి. పంచె అంచు, తువ్వాలు, పైట కొంగు, చేతి గాజులు, ఏవీ బెల్టు దరిదాపులకు పోకూడదు. పిల్లల్ని దగ్గరికి రానీయకండి. చెయ్యి సన్నగా వణికితే ఫరవాలేదు. గడ్డి కోసే కొడవలిలా ఊగుతుంటే అది జబ్బే. అలాగే క్రాంకు పుల్లీ తిరిగేటప్పుడు బొంగరంలా వాలి తిరుగుతోందా అన్నదీ చూడండి.

నాలుగో పని, సుద్దముక్క పరీక్ష. ఇంజను ఆపి, తాళంచెవి జేబులో పెట్టుకుని, క్రాంకు పుల్లీ లోపలి వలయం నుంచి రబ్బరు మీదుగా బయటి వలయం దాకా ఒక అడ్డగీత గీయండి. సుద్ద నిలవకపోతే తెల్ల పెయింటు వాడండి. రెండు మూడు రోజులు బండి నడిపి మళ్ళీ చూడండి. గీత తిన్నగా ఉంటే రబ్బరు పట్టు ఉన్నట్టే. లోపలి గీత ఒకచోట, బయటి గీత ఒకచోట ఉంటే రబ్బరు వదిలేసింది, పుల్లీ మార్చవలసిందే. రబ్బరు బీటలు వారినా, ఉబ్బి బయటికి వచ్చినా అంతే. కానీ ఖర్చు లేని పరీక్ష ఇది.

ఐదో పని, మేస్త్రీ సాయంతో బెల్టు తీయించండి. ఇంజను చల్లగా ఉండాలి. ఇప్పుడు ప్రతి పుల్లీనీ చేత్తో తిప్పి చూడాలి. నీళ్ళ పంపు, స్టీరింగు పంపు, ఏ.సి. పుల్లీ, మధ్యలో ఉండే ఉత్త చక్రం, ఒక్కొక్కటీ నున్నగా తిరగాలి. గరుకుగా తగిలినా, పక్కకు ఊగినా దాని బేరింగు పోతున్నట్టు. డైనమో పుల్లీని ఒకవైపు తిప్పితే లోపలి చుట్ట కూడా తిరగాలి, రెండోవైపు తిప్పితే పుల్లీ మాత్రమే తిరగాలి. రెండువైపులా చుట్ట కదిలితే ఫ్రీవీల్ పట్టేసింది. రెండువైపులా పుల్లీ ఒక్కటే తిరిగితే అది విరిగిపోయింది. దాన్ని విప్పడానికి ప్రత్యేకమైన పళ్ళ బిట్టు కావాలి. సుత్తితో కొట్టి ఊడదీయబోయేవాణ్ణి ఆపండి.

ఆరో పని, వరస చూడటం. ఒక తిన్నని స్టీలు స్కేలు పుల్లీల ముఖాలకు ఆనించి చూస్తే, ఏది ముందుకో వెనక్కో జరిగిందో తెలుస్తుంది. డైనమో బ్రాకెట్టు కింద ఒక వాషరు మరిచిపోయినా వరస తప్పుతుంది. టెన్షనర్ కూర్చునే చోట తుప్పు, పాత పెయింటు, మట్టి ఉన్నా అది వంకరగా కూర్చుంటుంది.

ఏడో పని, బెల్టు మీద అచ్చువేసిన అంకెలు చదవడం. ఉదాహరణకు 6 పి.కె. 1200 అని ఉంటే ఆరు గీతల బెల్టు, పొడవు 1200 మిల్లీమీటర్లు అని అర్థం. దొరకలేదని కాస్త పొడుగుదో, పొట్టిదో వేస్తే టెన్షనర్ చెయ్యి తన మధ్యస్థానంలో నిలవక ఒక చివరకు పోతుంది. ఇంకొక మాట. పాతకాలపు బెల్టులు ముసలివైతే పగుళ్ళు కనిపించేవి. ఇప్పటి రబ్బరు అంత త్వరగా పగలదు, టైరులా అరుగుతుంది. కాబట్టి పగుళ్ళు లేవు కదా అని ధీమా పడకండి, గీతల లోతు చూడండి. బెల్టు మీద డీజిలు, ఇంజనాయిలు కారుతుంటే ముందు ఆ కారుడు ఆపండి. డీజిలు ఫిల్టరు మార్చేటప్పుడు చిందిన నూనె కూడా బెల్టును పాడుచేస్తుంది.

ఇవన్నీ బాగానే ఉండి కూడా చెయ్యి ఊగుతోందా? అప్పుడు ఇంజనునే అడగాలి. నిలబడి ఉన్నప్పుడు బండి మొత్తం వణుకుతోందా? ఒక సిలిండరు సరిగా పేలకపోతే, నాలుగు ఎడ్లలో ఒకటి కుంటుతున్నట్టు లాగుడు తప్పుతుంది. ఆ కుంటు కూడా టెన్షనర్ మీదకే వస్తుంది. కామన్ రైల్ బండి అయితే నాలుగు ఇంజెక్టర్ల నుంచి వెనక్కి వచ్చే డీజిలును నాలుగు చిన్న సీసాల్లో పట్టి పోల్చే పరీక్ష ఉంది. ఒక సీసా మిగతావాటికన్నా బాగా ఎక్కువ నిండితే ఆ ఇంజెక్టరును అనుమానించాలి. ఇది అనుభవమున్న డీజిలు మేస్త్రీ చేయవలసిన పని. ఆ గొట్టాల్లో ఒత్తిడి విపరీతంగా ఉంటుంది, మీరు చెయ్యి పెట్టవద్దు. ఇంజను కింది రబ్బరు మౌంటులు చిరిగాయేమో కూడా అప్పుడే చూపించండి.

మరి సామానే నాసిరకం కావచ్చు కదా అని మీరు అడగవచ్చు. కావచ్చు. బజారులో నకిలీ సామాను లేకపోలేదు. ఒకసారి తొందరగా పోతే సామానును తిట్టండి, తప్పులేదు. రెండోసారి, వేరే కంపెనీది కూడా అదే తీరున పోతే మాత్రం ఇక సామానును తిట్టడం మాని వెతకడం మొదలుపెట్టండి.

కొట్టేవాణ్ణి పట్టాక కొత్త టెన్షనర్‌తోపాటు కొత్త బెల్టు, కొత్త బోల్టు వేయించండి. దెబ్బలు తిన్న పాత బెల్టు కొత్త చక్రాన్ని కూడా పాడుచేస్తుంది. బోల్టును బలం కొద్దీ కాకుండా, టార్కు స్పానరుతో ఆ బండికి చెప్పిన కొలత ప్రకారం బిగించమనండి. బెల్టు ఎక్కించాక టెన్షనర్ చెయ్యిని ఫట్టున వదలకుండా నెమ్మదిగా వదలాలి. కొన్నిటికి తాళం పిన్ను ఉంటుంది, అది తీయడం మరిచిపోకూడదు. ఆ రోజు తేదీ, కిలోమీటర్ల అంకె ఒక పుస్తకంలో రాసుకోండి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ ఒకసారి బానెట్ ఎత్తి చెయ్యి ఎలా ఉందో, సుద్దగీత ఎలా ఉందో చూడండి.

ఇంతలో దారిలోనే బెల్టు పోతే ఏం చేయాలి? ఎర్ర బ్యాటరీ దీపం వెలిగిందంటే బెల్టు పోయిందేమోనని వెంటనే అనుమానించండి. దిగుడులో ఉంటే ఇంజను ఆపవద్దు. తాళంచెవి తీస్తే స్టీరింగు బిగుసుకుపోతుంది. గేరు తగ్గించి ఇంజనుతోనే వేగం అదుపు చేయండి. బ్రేకును పదేపదే నొక్కి వదిలితే మిగిలిన బలం కూడా పోతుంది, ఒకేసారి గట్టిగా, నిలకడగా నొక్కండి. అవసరమైతే హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా సాయం తీసుకోండి. చదునైన, భద్రమైన చోటు చూసి ఆపండి. నీళ్ళ పంపు ఇదే బెల్టు మీద తిరిగే బండయితే ఇక ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, ఇంజను కాగిపోతుంది. మీ బండిలో నీళ్ళ పంపును, బ్రేకు వ్యాక్యూం పంపును ఏది తిప్పుతుందో రేపే మీ మేస్త్రీని అడిగి తెలుసుకోండి. తెగిన బెల్టు పీలికలు క్రాంకు పుల్లీ వెనక్కి చుట్టుకుని టైమింగ్ బెల్టు మూతలోకి దూరే ప్రమాదమూ ఉంది. అందుకే పీలికలన్నీ తీసి చూసేదాకా మళ్ళీ స్టార్టు చేయకూడదు.

మన మేస్త్రీ కన్నడం మాట్లాడవచ్చు, తమిళం మాట్లాడవచ్చు, ఒడియా, మరాఠీ మాట్లాడవచ్చు. బెల్టు, పుల్లీ, టెన్షనర్ అన్న మాటలు మాత్రం ఈ అన్ని భాషల్లోనూ ఒకటే. కాబట్టి మొహమాటపడకుండా అడగండి. "టెన్షనర్ మార్చు" అనకండి. "టెన్షనర్ ఎందుకు పోయిందో చూసి చెప్పు" అనండి. ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా మీ డబ్బును కాపాడుతుంది. ఘాటు రోడ్డు మీద మీ ఇంటిల్లిపాదినీ కాపాడుతుంది.